చెవులమ్మ లాప్‌టాప్

బస్సులో ఎవరైనా లాప్‌టాప్ సంచిని పై అరలోకి విసిరేస్తే చెవులమ్మకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు వినికిడి మిషన్లను ఫోన్లతోనే సరిచేస్తున్నారట, వైర్లూ లేవు, మోతా లేదు. మంచిదే. కానీ ఆవిడకు మాత్రం ఆ మోత మోసిన రోజులే బాగున్నట్టు అనిపిస్తుంది, ఎవరేమనుకున్నా సరే.

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళకూ కంపెనీవాళ్ళకూ తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. వినికిడి మిషన్లు అమర్చడానికి ఊరూరూ తిరిగేది కనుక చెవులమ్మ అయిపోయింది. వెళ్ళిన ఊళ్ళో ఏదో ఒక మందుల షాపు వెనకగదిలో, మందుల అట్టపెట్టెల మధ్య బల్ల వేయించుకునేది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చెవిలో మిషన్ పెట్టి, దాన్ని సన్నటి వైరుతో లాప్‌టాప్‌కు తగిలించి, తెర మీది గీతల్ని పైకీ కిందికీ జరుపుతూ "ఇప్పుడెలా ఉంది? ఇప్పుడో?" అని అడుగుతూ ఉండేది. గీత సరైన చోట ఆగగానే ఆ పెద్దాయన ఉలిక్కిపడి గోడ గడియారం వైపు చూసేవాడు, అది టిక్కుటిక్కుమంటుందని అప్పుడే తెలిసినట్టు. ఆ ఒక్క చూపు కోసమే ఇంత తిరుగుడూ అనేది చెవులమ్మ. నిజమే అయ్యుంటుంది, ఆ బస్సుల్లో అంత దూరాలు తిరగడానికి వేరే కారణమేదీ చాలదు.

కంపెనీ ఆ లాప్‌టాప్ ఇచ్చిన రోజున ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. ఇంటిల్లిపాదీ అంటే భర్తా, అత్తగారూనూ. భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, మాటను నోట్లోనే నమిలి మింగేసే రకం. ఆయన ఏదో గొణిగి ఊరుకున్నాడు. అత్తగారు మాత్రం దాన్ని ఎగాదిగా చూసి, కంపెనీ ఇచ్చిన పల్చటి సంచిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని పెదవి విరిచింది. మర్నాడు తన పాత బొంత ఒకటి కత్తిరించి, మూడు పొరలు వేసి, భుజం కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీ పెట్టి సంచి కుట్టింది. కంపెనీ సంచి ఉల్లిపాయల పాలైంది.

ఆ బొంత సంచి చెవులమ్మ ఒళ్ళో నుంచి కదిలేది కాదు. పై అరలో పెట్టేది కాదు, సీటు కిందకు తోసేది కాదు, ఎండలో ఆగిన కారులో నిమిషం కూడా వదిలేది కాదు. పక్కసీటు వాళ్ళు టీ తెచ్చుకుంటే కళ్ళల్లో వత్తులు వేసుకుని ఆ గ్లాసునే చూస్తూ కూర్చునేది. కునుకు వస్తే పట్టీని మోచేతికి మెలేసుకుని పడుకునేది. "పాపకు టికెట్ తీసుకున్నారా అమ్మా?" అని కండక్టర్లు ఆటపట్టించేవాళ్ళు.

ఇంత జాగ్రత్తలోనూ ఒక్క మాట మాత్రం ఆవిడ పెడచెవిన పెట్టింది. ప్రయాణానికి ముందు దాన్ని పూర్తిగా ఆపి, లోపల తిరిగే డిస్కు ఆగాకే సంచిలో పెట్టాలని కంపెనీవాళ్ళు నేర్పారు. కానీ ఆపితే మళ్ళీ లేవడానికి అది పడే బద్ధకం ఇంతా అంతా కాదు, అంతసేపూ చెవులు పట్టుకుని కూర్చున్నవాళ్ళకు ఏం సమాధానం చెప్పాలి? అందుకని మూత వేసేసేది. మూత వేస్తే అదే నిద్రపోతుందిలే అనుకునేది. ఏళ్ళ తరబడి అది నిద్రపోయింది కూడా.

నెమ్మదించినప్పుడల్లా మార్కెట్టు వెనక సందులో రిపేరు షాపాయన దగ్గరకు తీసుకెళ్ళేది. మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయే షాపు అది. ఆయన టీ సాసర్లలో స్క్రూలు పోసుకుని, నుదుటికి దీపం కట్టుకుని, దానికి ఓసారి మెమరీ పెంచాడు, ఓసారి బ్యాటరీ మార్చాడు, ఇంకోసారి పెద్ద డిస్కు వేశాడు. వేసిన ప్రతిసారీ ఇంకెన్నాళ్ళు బతికిస్తారమ్మా దీన్ని అని చీవాట్లు పెట్టేవాడు. తర్వాత కంపెనీ కొత్త లాప్‌టాప్ ఇచ్చింది, పలకంత పల్చటిది. పాత మిషన్ల వైరు దానికి పట్టదని చెవులమ్మ రెండూ మోసేది. కంపెనీ చెప్పగానే, ఎవరి గీత ఎక్కడ ఆగిందో ఆ కొలతలన్నీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎక్కించింది. ఒక్క అత్తగారివే ఎక్కించలేదు. ఇంటి పనే కదా, ఎప్పుడైనా చేసుకోవచ్చులే అనుకుంది.

అత్తగారి చెవులు మందగించింది చెవులమ్మ కాపురానికొచ్చిన కొత్తలోనే. అప్పట్లో ఆ ఇద్దరి మధ్యా ఉప్పు అయిపోయింది, గ్యాస్ వచ్చింది అనే మాటలు తప్ప వేరే ముచ్చట ఉండేది కాదు. గొంతు చించుకుని ఎవరు మాత్రం కష్టసుఖాలు చెప్పుకుంటారు? ఆవిడ చెవికి మిషన్ పెట్టాకే ఇద్దరూ స్నేహితులయ్యారు. ఆదివారం మధ్యాహ్నాలు, భర్త అవతలి గదిలో గుర్రుపెట్టే వేళ, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి చెవులమ్మ మాట్లాడుతూ ఉంటే అత్తగారు "కాస్త పెంచు... ఆ, కొంచెం తగ్గించు" అంటూ వినేది. చిన్నప్పటి కబుర్లు, ఊళ్ళ కబుర్లు, పైకి చెప్పకూడనివి కూడా ఆ బల్ల దగ్గరే చెప్పుకున్నారు. గీతలు జరపాల్సిన అవసరం తీరిపోయినా వైరు తగిలించుకునే కూర్చునేవాళ్ళు. చెవులమ్మకు తల్లి లేదు. ఆ మధ్యాహ్నాల్లో ఆ లోటు తెలిసేది కాదు.

కొడుకు గొణుగుడు మాత్రం అత్తగారికి ఎప్పుడూ అందేది కాదు. ఆయన ఏమన్నా వెంటనే కోడలి వైపు తిరిగి "వాడేమన్నాడే?" అనేది. చెవులమ్మ ఆయన అన్న రెండు మాటలకూ తనవి నాలుగు కలిపి చెప్పేది.

అలాంటిది, చెవులమ్మ ఊరెళ్ళిన ఓ వారంలో అత్తగారి మిషన్ కాస్తా మూగబోయింది. భర్త ప్రూఫు కాగితాల వెనక పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తూ రోజులు నెట్టుకొచ్చాడు. చెవులమ్మ కంపెనీకి ఫోన్ చేసి కొత్త మిషన్ తెప్పించుకుంది. పాత లాప్‌టాప్‌లోని కొలతలు చూసి కొత్తదానికి అవే పెట్టేస్తే సరి, అత్తగారికి అదే వినికిడి తిరిగొస్తుంది. ఆ తొందరలో పని ముగించి, కదలబోతున్న బస్సు అందుకోవడానికి మూత వేసి, లాప్‌టాప్‌ను బొంత సంచిలో దూర్చి పరిగెత్తింది. దారంతా గోతులు. బయట చలి. ఒళ్ళో సంచి వెచ్చవెచ్చగా తగులుతుంటే హాయిగానే అనిపించింది పాపం.

ఇంటికొచ్చేసరికి అత్తగారు జుట్టు చెవి వెనక్కి దోపుకుని కుర్చీలో సిద్ధంగా కూర్చుని ఉంది. చెవులమ్మ సంచి తెరిస్తే వేడి సెగ కొట్టింది. లాప్‌టాప్ తెర నల్లగా ఉంది. లోపల ఏదో గీరుతున్న చప్పుడు.

రిపేరు షాపాయన విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. ఈసారి అది నిద్రపోలేదట. దారి పొడుగునా డిస్కు తిరుగుతూనే ఉందట. గాలాడక కాగిపోయి, గోతుల్లో ఎగిరెగిరి పడి గీతలు పడిపోయిందట, ఇక అందులోంచి ఏమీ రాదట. చివర్లో బొంత సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరు కుట్టారో గానీ గట్టిగా కుట్టారమ్మా, గాలి కూడా దూరదు" అన్నాడు.

ఆ మాట ఇంట్లో అత్తగారికి తెలియనివ్వలేదు. లాప్‌టాప్ ముసలిదైపోయిందని కాగితం మీద రాసి చూపించింది. తప్పు తనదేనని చెవులమ్మకు తెలుసు. కొలతల్ని పక్కకు తీసి పెట్టుకోనిదీ తనే, ఆపకుండా మూసిందీ తనే.

ఇక కొత్త లాప్‌టాప్‌తో మొదటికొచ్చింది వ్యవహారం. అది తనంతట తనే గీతలు పెట్టేసింది. అత్తగారు మొహం చిట్లించి, అందరూ రేకుడబ్బాలో కూర్చుని మాట్లాడుతున్నట్టుందని అంది. సరిచేయబోతూ ఉండగా చెవులమ్మకు అప్పుడు తట్టింది. ఊళ్ళల్లో ఎవరికి మిషన్ అమర్చినా ఇంట్లోవాళ్ళందర్నీ పిలిపించి, ఒక్కొక్కరి చేతా మాట్లాడించి మరీ గీతలు జరిపేది. సొంత ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని మాట్లాడింది తనొక్కతే. అత్తగారి చెవి మొత్తం తన గొంతుకే అమర్చి పెట్టింది. కొడుకు లోగొంతు అందులోకి రానే లేదు.

ఆవిడకు సిగ్గేసింది. భర్తను లాక్కొచ్చి కూర్చోబెట్టి, ప్రూఫు కాగితాలు చదవమంది. ఆయన చదువుతున్నాడు, ఆవిడ గీతలు జరుపుతోంది. ఉన్నట్టుండి అత్తగారు కొడుకు వైపు తిరిగి "మీ నాన్న గొంతేరా నీది" అంది. ఆయన చదవడం ఆపేశాడు. ఆ తర్వాత తల్లీ కొడుకులు కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. చెవులమ్మ వంటింట్లో నిలబడి విని సంతోషించింది. ఆ సంతోషం వెనకే గుండెల్లో వెలితి కూడా వచ్చి కూర్చుంది. వారం దాటినా "వాడేమన్నాడే?" అని ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. దాన్ని అసూయే అనాలి, వేరే పేరు పెట్టి లాభం లేదు.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు కొత్త లాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకుని వంటింట్లోకి తెచ్చి, బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ మునుపటిలా చెయ్యి అమ్మాయ్."

"ఎందుకత్తయ్యా? ఆయన మాట వినబడటం లేదా?"

"భేషుగ్గా వినబడుతోంది. నీ మాటే ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది."

"అది పెంచితే ఆయన మాట మళ్ళీ తగ్గిపోతుందత్తయ్యా."

"తగ్గనీ. వాడు అన్నది నువ్వు మళ్ళీ చెప్తావు. నువ్వన్నది నాకు మళ్ళీ చెప్పేదెవరు?"

చెవులమ్మ వైరు తగిలించింది. పాత కొలతలు లేవు, మాట్లాడుతూనే వెతుక్కోవాలి. ముందుగా గీతను ఓసారి పైకీ ఓసారి కిందికీ జరిపి చూసింది. అత్తగారు చెవిని ఇంకాస్త ముందుకు జరిపింది.

"ఏదో ఒకటి మాట్లాడవే. నువ్వు నోరు మెదపకపోతే ఎంత పెంచాలో నేనెలా చెప్పేది?"