ముక్కలక్క నిజం చెప్పిన రోజు

మా పెద్ద తోడికోడలిని వీధిలో అందరూ ముక్కలక్క అనేవాళ్లు. ఎగతాళికి పెట్టిన పేరు కాదు. ఆవిడ బట్టలు కుట్టేది. ఎవరైనా గుడ్డ తెచ్చిస్తే, గౌను కుట్టాక మిగిలిన ముక్కల్ని, చివరికి వేలెడంత పేలికను కూడా, చిన్న మూట కట్టి ఆ గౌనుతోపాటే ఇచ్చేసేది. "ఇవి మాకెందుకండీ, పారేయొచ్చుగా" అంటే, "మీ గుడ్డ, మీరే పారేసుకోండి" అనేది. గుడ్డ మిగుల్చుకుంటారని పేరుపడ్డ వృత్తిలో ఉండి ఈవిడకి ఇదేం చాదస్తమో నాకు అర్థమయ్యేది కాదు. నేనైతే వాటితో నాలుగు దిండ్లు నింపుకునేదాన్ని.

బావగారు పోయాక ముందుగదిలో మిషను వేసుకుని ఒక్కతే బతికింది. వెనక రెండు గదులు మావి. వంటిల్లు ఇద్దరికీ ఒకటే. ఆ వంటింట్లో ఇన్నేళ్లలో మా మధ్య గట్టిగా ఒక మాట నడవలేదంటే అది నా గొప్ప కాదు. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. మా ఆయనకి రెండు నాలుకలు. వదినగారిది కూడా మీరే తీసుకున్నారా ఏమిటి అని నేను ఆయన్ని ఆటపట్టించేదాన్ని. ఆయనకి అది పొగడ్తలాగే వినిపించేది.

ఆ ఏడు మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డును ఆడవాళ్లకి కేటాయించారు. అక్కని నిలబెడదామని ముందు అన్నది నర్సమ్మ. ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసి, మా వీధిలో సగం మందిని ఈ లోకంలోకి లాగిన మనిషి. ఆవిడ మా ముందుగదిలో స్టూలు మీద కూర్చుని, "గుడ్డ ముక్క దాచుకోని మనిషి ఊరి సొమ్ము దాచుకుంటుందా? నువ్వే నిలబడవే అమ్మాయ్" అంది. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, నాకేం తెలుసు నర్సమ్మా అంది. తెలియాల్సినవి తను చూసుకుంటానని మా ఆయన అప్పటికే గుమ్మంలోకి వచ్చేశాడు.

గెలిచింది. వీధి మొత్తం ఆవిడకే వేసింది. అవతలి పార్టీ అభ్యర్థి భర్త కూడా ఈవిడకే వేశాడని చెప్పుకున్నారు. ఆయన ప్యాంట్లు కుట్టేది అక్కే.

కౌన్సిల్ హాల్లో అక్క చివరి వరసలో కూర్చునేది. ఆవిడ వెనక, సందర్శకుల బెంచీ మీద మా ఆయన. ఆయన దగ్గితే చెయ్యెత్తాలి, దగ్గకపోతే ఊరుకోవాలి. మా వార్డు పాలన అంతా అంతే. ఒకసారి ఆయనకి జలుబు చేసింది. ఆ రోజు అక్క ఒకే తీర్మానానికి అనుకూలంగా ఒకసారి, వ్యతిరేకంగా ఒకసారి చెయ్యెత్తింది. రెండు పక్షాలవాళ్లూ వచ్చి థాంక్స్ చెప్పారట. ఇంటికొచ్చాక ముగ్గురం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నాకు తలకొట్టేసినట్టు ఉంటుంది.

మా వీధి పొడుగునా మురుగు కాలువ తెరిచి ఉండేది. దాని మీద కాంక్రీటు పలకలు వేయిస్తానని అక్క మాటిచ్చింది. ఆవిడ స్వయంగా, ఎవరూ దగ్గకుండా ఇచ్చిన మాట అదొక్కటే. డబ్బు మంజూరైంది. కాంట్రాక్టరు మా ఆయన స్నేహితుడు. పలకలు వచ్చాయి, కాలువ మూసుకుపోయింది, వాసన తగ్గింది. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కౌన్సిల్లో ఛైర్మన్ ఆవిడ వైపు తిరిగి, "మీ వార్డులో పని సక్రమంగా పూర్తయిందామ్మా, మీరు చూసుకున్నారా?" అని అడిగాడు. వెనకనుంచి దగ్గు వినిపించింది. అక్క చెయ్యెత్తింది.

తర్వాత మా వంటింట్లోకి నల్లటి గ్రానైటు గట్టు వచ్చింది. ఎక్కడిదని అక్క అడగలేదు, మరిది సంపాదించుకున్నాడు అనుకుంది. నేనూ అడగలేదు. నాకు తెలుసు కాబట్టి అడగలేదు. ఎండాకాలంలో ఆ గట్టు మీద చెయ్యి ఆనిస్తే హాయిగా ఉండేది. సిగ్గు విడిచి చెప్తున్నాను, చాలా హాయిగా ఉండేది.

వానలు పడ్డాక ఒక పొద్దున నర్సమ్మ తన గేటు దాటి పలక మీద కాలు పెట్టింది. పలక మధ్యకి విరిగింది. ఆవిడ నడుము దాకా కాలువలోకి దిగిపోయింది. తుంటి ఎముక విరిగింది. పక్క ఇంట్లో పనిచేస్తున్న మేస్త్రీ పరిగెత్తుకొచ్చి మిగతా పలకని సుత్తితో పగలగొట్టి ఆవిడని పైకి లాగాడు. అప్పటికి మేమూ వెళ్లాం. అక్క మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. మేస్త్రీ చేతిలో ఉన్న పెచ్చుని అటూ ఇటూ తిప్పి, "దీంట్లో చువ్వే లేదు. వట్టి ఇసుక" అన్నాడు. అని అక్కని చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు తిప్పుకోవడం నేనూ చూశాను, అక్కా చూసింది.

వీధి ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. ఇంటి మీదకి వస్తారు, నాలుగు తిడతారు, పడాలి అనుకున్నాను. ఒక్కరూ రాలేదు. కనిపిస్తే నవ్వుతూనే పలకరించారు. ఎవరూ ఏమీ అనకపోతే ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఆ వారం టీచరమ్మ గుడ్డ తెచ్చింది. పదేళ్లుగా అక్క దగ్గరే కుట్టించుకునే మనిషి. ఎప్పుడూ గుడ్డ బల్ల మీద పడేసి వెళ్లిపోయేది. ఈసారి మడత విప్పి, తన సంచీలోంచి తన సొంత టేపు తీసి, అక్క ముందే కొలిచింది. "రెండున్నర మీటర్లు, చూశారుగా" అంది, చాలా మర్యాదగా. అక్క చూశానంది. ఇంకో రోజు ఇంకొకావిడ కత్తిరింపు అయ్యేదాకా స్టూలు మీంచి లేవలేదు. ఏదో కాలక్షేపానికి కూర్చున్నానంది కానీ, కళ్లు కత్తెర మీదే ఉన్నాయి. మూడో ఆవిడ ముక్కల మూట మా మెట్ల మీదే విప్పి, ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పరిచి చూసుకుంది. కిటికీలోంచి అక్క ఆవిడనే చూస్తూ నిలబడిపోయింది. ఆ రోజు మిషను మళ్లీ తిరగలేదు.

సాయంత్రం మా ఆయన రాగానే వంటింట్లో నిలదీసింది. ఆవిడ గొంతు పెద్దదవడం నేను వినడం అదే మొదటిసారి.

"పలకల డబ్బు ఏమైంది?"

"ఎవరు తినడం లేదు వదినా? కింద నుంచి పై దాకా ఎవరి వాటా వాళ్లకి వెళ్లింది. నీ పేరు చెప్పి నేను తీసుకున్నదే తక్కువ."

"నా పేరు చెప్పి తీసుకున్నావా?"

"మరి నా పేరు చెప్తే ఎవరిస్తారు? కౌన్సిలరువి నువ్వేగా."

అక్క గ్రానైటు గట్టు మీంచి చెయ్యి తీసేసింది. ఇక నిలబడనని చెప్పింది. ఆయన ఇప్పుడు తప్పుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందన్నాడు, పైగా నామినేషన్ అయిపోయింది, పేరు అచ్చయిపోయింది అన్నాడు. అవి రెండోసారి ఎన్నికలు దగ్గరపడిన రోజులు. ఆవిడ చేత సంతకం ఎప్పుడు పెట్టించుకున్నాడో ఆవిడకే గుర్తు లేదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, మిషనుకి నూనె వేస్తూ నాతో చెప్పింది.

"మన వీధిలో పెట్టే ఎన్నికల మీటింగులో చెప్పేస్తాను."

"ఏం చెప్తావు?"

"జరిగింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అక్కా, ఆయన్ని జైల్లో పెడతారు. నా కాపురం ఏం కాను?"

"నేను నా చెయ్యి సంగతే చెప్తాను. చూడకుండా ఎత్తానని."

"ఎవరు దగ్గితే ఎత్తావని అడుగుతారుగా?"

"అడిగితే చెప్పాల్సిందే" అంది. "ఈ వీధిలో మళ్లీ ఒక్కళ్లయినా నా మాట నమ్మాలి. నమ్మకపోతే నేను ఇక్కడ బతకలేను."

నేను ఆవిడతో మాట్లాడటం మానేశాను. మీటింగు రోజు ఆవిడకి జ్వరమన్నా రాకూడదా అని కోరుకున్నాను. అలాంటిదాన్ని నేను.

వీధి చివర వేదిక కట్టారు. మా ఆయన ఛైర్మన్ పక్కన కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. అక్కకి మైకు ఇచ్చేసరికి జనం ఫోన్లు చూసుకుంటున్నారు. ఆవిడ మెల్లగా మొదలుపెట్టింది.

"పలకల పని అయిపోయిందా అని అడిగితే చెయ్యెత్తింది నేనే. నేను వెళ్లి చూడలేదు. మా మరిది దగ్గితే ఎత్తాను. అన్నిటికీ అలాగే ఎత్తాను. వాటిలో ఇనుము లేదు. ఆ డబ్బు తిన్నారు. కొంత మా ఇంటికే వచ్చింది, మా వంటింట్లో ఉంది. నర్సమ్మ మంచాన పడింది నా వల్ల. నాకు ఓటు వెయ్యకండి. నేను తగను." అంది. మైకు పట్టుకుని నిలబడే ఏడ్చింది.

ఫోన్లు కిందికి దిగాయి. మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను ఆడవాళ్ల మధ్య కుక్కిన పేనులా కూర్చుని, భూమి చీలితే బాగుండుననుకున్నాను. అప్పుడు వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొకరు అందుకున్నారు. ఈల కూడా వినిపించింది. నా పక్కనున్నావిడ, "భలే చెప్పించారే. ఏడుపు కూడా సరిగ్గా రావాల్సిన చోటే వచ్చింది" అని తన చెల్లెలి చెవిలో అంది. చెల్లెలు నవ్వి, "పోయిన అసెంబ్లీ ఎన్నికల్లో ఆ డాక్టరుగారు ఓట్ల కోసం అందరి కాళ్లూ మొక్కాడు, దానికంటే ఇదే నయం" అంది.

ఛైర్మన్ ఊరికే ఛైర్మన్ కాలేదు. లేచి మైకు అందుకుని, "చూశారా, తప్పు జరిగితే తమ ఇంటివాళ్లనైనా వదలని మనుషులు మా పార్టీలోనే ఉన్నారు. విచారణ జరిపిస్తాం" అన్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. మా ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. వేదిక దిగేసరికి ఎవరితోనో, అదంతా తన ఆలోచనేనని చెప్తున్నాడు. విచారణ ఏమైందో నేను చెప్పక్కర్లేదు.

అక్క గెలిచింది. పోయినసారికంటే ఎక్కువ ఓట్లతో గెలిచింది. ఫలితం వచ్చిన రోజు ముందుగది తలుపు వేసుకుంది. మర్నాడు తలుపు తీసి, నర్సమ్మ దగ్గరికి తోడు రమ్మని నన్ను పిలిచింది. మిషనుకి నూనె వేసిన ఆ మధ్యాహ్నం తర్వాత మేం మాట్లాడుకోవడం అదే మొదలు. "ఆవిడకి ఎదురుగా చెప్తాను. మైకులో చెబితే ఎవరైనా అలాగే అనుకుంటారు. నర్సమ్మ అలా అనుకోదు" అంది. ఆశ ఇంకా చావలేదు ఆవిడకి.

నర్సమ్మ గదిలో కిటికీ పక్కన మంచం, మంచానికి ఆనించి వాకరు. మమ్మల్ని చూసి లేవబోతే అక్క వద్దని పట్టుకుంది. మంచం పక్కన నేల మీదే కూర్చుంది.

"ఇక్కడికి వినిపించిందే నీ మాట" అంది నర్సమ్మ. "బాగా చెప్పావు. ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదు నర్సమ్మా. అది నిజం."

"సరేలే, నిజమే" అంది నర్సమ్మ, నొప్పులు పడే పిల్లతో అంతా బాగానే ఉందని చెప్పే గొంతుతో. "నేనూ నీకే వేశాను. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు. ఎవరికో ఒకరికి వెయ్యాలిగా, అందరూ తినేవాళ్లే. నువ్వు కాస్త సిగ్గుపడుతూ తింటావు."

అక్క నోరు తెరిచింది. తను ఒక్క పైసా ముట్టలేదని చెప్పబోతోందని నాకు తెలుసు. ఆ మాట నేనైనా చెప్పొచ్చు. డబ్బు ఎవరు తెచ్చారో, ఎవరు చల్లగా అనుభవించారో తెలిసినదాన్ని నేనే. నేను చెప్పినా ఎవరు నేర్పారని అడుగుతుందని సర్దిచెప్పుకున్నాను. అక్క నా వైపు చూసింది, నేను కిటికీ వైపు చూశాను. ఆవిడ నోరు మూసుకుని తల దించుకుంది.

నర్సమ్మ దాన్ని ఒప్పుకోలు అనుకుంది. వంగలేక వంగి అక్క తల మీద చెయ్యి వేసింది.

"పోనీలేవే. నేనెవరికీ చెప్పను" అంది.