కాటా గదిలో ఫ్యాను లేని కంప్యూటరు

రెండు వేల నాలుగు వేసవిలో నన్ను బొగ్గు యార్డులో ఊడ్చే పని నుంచి తీసి లారీ కాటా మీద ఖలాసీగా వేశారు. యార్డు విశాఖ రేవు పక్కనే ఉండేది. మా ఆయన ఆ యార్డులోనే పనిచేస్తూ పోయాడు. ఆయన బదులు నన్ను తీసుకున్నారు. నాకు అంకెలు వచ్చు, సంతకం వచ్చు, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. బొగ్గు పొడికి నా గొంతు ఎప్పుడో బొంగురుపోయింది, అందుకని ఒక్కో మాటా రెండేసి సార్లు చెప్పించుకుంటోంది.

కాటా అంటే కొట్లో తక్కెడ కాదు. నేలలో గొయ్యి తీసి దాని మీద లారీ పట్టేంత ఇనప పలక వేస్తారు. లారీ ముందు ఖాళీగా ఎక్కాలి. అది ఖాళీ తూకం. బొగ్గు నింపుకుని మళ్ళీ ఎక్కాలి. అది నిండు తూకం. రెండింటికీ తేడా కంప్యూటరే తీసి చీటీ కొడుతుంది. పలక మీద రాలిన బొగ్గు ఊడ్చడం, చక్రాలన్నీ పలక మీదికి వచ్చాయో లేదో చూడటం, డ్రైవరూ క్లీనరూ కిందికి దిగారో లేదో చూడటం ఖలాసీ పని. ఖలాసీ చెయ్యి ఊపితేనే ఆపరేటరు మీట నొక్కాలి. నా పైన ఆపరేటరు, ఆయన పైన యార్డు ఇన్‌ఛార్జి.

ఆపరేటరు సత్యనారాయణ గారు గోదావరి జిల్లా నుంచి వచ్చి గాజువాకలో కాపురం పెట్టిన మనిషి. నన్ను ‘నూకాలమ్మ గారూ’ అని పిలిచేవారు. ఖలాసీని గారూ అన్న ఆపరేటరును అంతకు ముందు నేను చూడలేదు. మొదట్లో వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను.

గదిలో పాత కంప్యూటరు ఉండేది. దాని లోపలి ఫ్యాను గాలితో పాటు బొగ్గు పొడి కూడా లాగి లాగి చచ్చింది. దాని బదులు ద్వారకా నగర్ కొట్టు నుంచి నల్లటి చిన్న పెట్టె తెప్పించారు. క్యారేజీ గిన్నె కంటే పెద్దది కాదు. పైన దువ్వెన పళ్ళలాగా ఇనప రెక్కలు, రెక్కకీ రెక్కకీ మధ్య గాడి. ఫ్యాను లేదు, కన్నాలు లేవు, అందుకని పొడి దూరదు అన్నారు సత్యనారాయణ గారు.

“మరి ఊపిరెలా తీత్తాది బాబూ?” అని అడిగాను.

“దానికి ఊపిరి అక్కర్లేదండి, ఆయ్,” అన్నారు.

నాకు అర్థం కాలేదు. పైన చెయ్యి వేస్తే కాలేది. కాలినా పనిచేసేది. పనిచేసినంత కాలం నేనూ మళ్ళీ అడగలేదు.

కొన్నాళ్ళకు పెద్దాఫీసు నుంచి తనిఖీ వస్తోందన్నారు. రేవులో తనిఖీ అంటే ముందు రంగు. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది కాబట్టి గేటు, గొలుసు, కుర్చీ కాళ్ళు, ఏది దొరికితే దానికి రంగు కొడతారు. ఆ పనికి సింహాచలం అనే పెయింటరు మేస్త్రీ వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగు వేసిన చెయ్యి. లారీ బాడీ వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. సొట్ట కనిపిస్తే లప్పం ముద్ద పెట్టి పూడ్చాలి, ఆరాక గరుకు కాగితం పట్టాలి, అప్పుడే రంగు. సొట్ట మీద రంగు వేస్తే వాళ్ళలో పరువు పోతుంది. ఆదివారం కాటాకు సెలవు. ఆ రోజు గది తాళం తీయించుకుని అన్నీ చేసి వెళ్ళాడు.

సోమవారం చూస్తే గది పెళ్ళి ఇల్లులా ఉంది. బల్ల ఆకుపచ్చ, కిటికీ ఆకుపచ్చ, పెట్టె కూడా ఆకుపచ్చ. పైన అద్దంలా నున్నగా ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి కూడా బాగుందన్నాడు.

ఆ వారంలోనే పెట్టె ఆగడం మొదలుపెట్టింది. పొద్దున బాగానే ఉండేది. ఎండ ముదిరి లారీలు వరస కట్టే వేళకు తెర నల్లబడేది. కాసేపు వదిలేస్తే మళ్ళీ లేచేది, మళ్ళీ ఆగేది. కంప్యూటరు ఆగినా పలక తూకం గోడ మీది ఎర్ర అంకెల్లో కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసి ఆపరేటరు చేత్తో చీటీ రాయాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. చేతి చీటీలో ఉన్న అంకె నిజమో కాదో తర్వాత ఎవరూ తేల్చలేరు.

పెట్టె వేడెక్కి ఆగుతోందని మొదట సత్యనారాయణ గారే అన్నారు. ఇన్‌ఛార్జి గారు వచ్చి పైన అరచెయ్యి ఆనించారు. గోరువెచ్చగా ఉంది. నేనూ ఆనించి చూశాను, అంతే. ఇదివరకు కాలినప్పుడు పనిచేసింది, ఇప్పుడు చల్లబడితే ఆగుతోంది. నాకు బుర్ర తిరిగింది. అయినా టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టారు. ఆగింది. గోనెపట్టా తడిపి కిటికీకి కట్టారు. ఆగింది. మాది చేపల వేటకు పోయే కుటుంబం కాబట్టి ఫిషింగ్ హార్బర్‌లో మా మరిది దగ్గర ఐసు ముక్క అడిగి ప్లాస్టిక్ సంచిలో కట్టి తెచ్చాను. పెట్టె మీద పెడితే చెమట పట్టి నీళ్ళు కారి చీటీల కాగితం తడిసింది. పైన చేప పెడితే నిలవ ఉండేంత చల్లగా ఉంది. లోపల మాత్రం ఆగిపోయింది.

లారీల వాళ్ళు ఊరుకుంటారా? “ఏటప్పా, కంప్యూటర్‌కి సేపలు కూడా ఎట్టీసినారేటి?” అని నన్ను ఆటపట్టించారు. ఒకడు కిటికీలోంచి తల పెట్టి, “బావా, నీకు కావాల్సిన లారీ వత్తేనే ఆగుతాదటకదా,” అని సత్యనారాయణ గారితో అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ మాట ఇన్‌ఛార్జి గారి దాకా పోయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన లెక్క ఆయనకు ఉంది. పెట్టె ముట్టుకుంటే వేడి లేదు, ఫ్యాను పెట్టినా ఆగింది, ఐసు పెట్టినా ఆగింది, కాబట్టి ఆపుతున్నది మనిషే. గది తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నారు. కొట్టు నుంచి ఇంజనీరును పిలిపిస్తున్నాననీ, అతను పెట్టెలో లోపం లేదంటే సత్యనారాయణ గారిని ఆ రోజే కాటా మీంచి దించేస్తాననీ నా ముందరే చెప్పారు. రేవులో ఒక కాటా మీద దొంగ అని పేరు పడితే ఇంకే కాటా మీదా కూర్చోనివ్వరు.

“నాకు వేరే పని రాదు నూకాలమ్మ గారూ,” అన్నారు సత్యనారాయణ గారు. ఆ పూట ఆయన క్యారేజీ విప్పలేదు.

ఇంజనీరు వచ్చాడు. గదంతా కలయజూసి, “మా పెట్టె ఏదండీ?” అన్నాడు.

చూపించాం.

“ఇది మాది కాదు. మాది నల్లది, పైన రెక్కలుంటాయి,” అన్నాడు.

ఇన్‌ఛార్జి గారి ముఖం మారిపోయింది. పెట్టె మార్చేశారని కూడా ఆయనకు అనుమానం వచ్చి ఉంటుంది. ఇంజనీరు వంగి వెనకున్న తీగల బొక్కలు చూశాడు, గోటితో రంగు గీకి తలెత్తాడు. “రెక్కల మధ్య ఏం పెట్టారు?”

తనిఖీ అయిపోయినా గేటు పని మిగిలి అక్కడ రెండో పూత వేస్తున్న సింహాచలాన్ని కేకేశాం. బ్రష్షు పట్టుకునే వచ్చాడు.

“లప్పం ఎట్టాను సారూ. పైనంతా గాడులు. ఏ లారీ రాసుకుపోయిందో, సొట్టలనుకున్నాను. రెండుసార్లు కాగితం పట్టాను, సెయ్యేసి సూడండి, ఎన్నపూసలా ఉండదూ?”

ఫ్యాను లేని పెట్టెకు ఆ రెక్కలే ఫ్యాను అని ఇంజనీరు చెప్పాడు. లోపలి వేడి రెక్కల్లోకి ఎక్కి, గాడుల్లో తిరిగే గాలికి పోవాలట.

“మరి పైన సల్లగా ఉంది కద బాబూ, యేడుంటే సెయ్యి కాలాల గదా?” అన్నాను.

“కింద పట్టుకో అమ్మా,” అని పెట్టె ఎత్తి చూపించాడు. పట్టుకుని వెంటనే వదిలేశాను. బల్ల మీద పెట్టె ఆనిన చోట కొత్త రంగు బుడగలు లేచింది. ఇన్ని రోజులూ అందరం పైనే చెయ్యి వేశాం, అడుగున ఎవరమూ వేయలేదు. రంగు చూసి మురిసి రెక్కల మాటే మరిచిపోయాం. రెక్కలు పనిచేస్తే పైన కాలాలట, పైన చల్లగా ఉందంటే వేడి బయటికి రావడం లేదని అర్థమట. మనిషికి ఒళ్ళు కాలితే జ్వరం, దీనికి ఒళ్ళు చల్లబడితే జ్వరం. నేను తలాడించాను గానీ నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

రెక్కలున్న పై మూత విప్పి సింహాచలం చేతికిచ్చారు. “ఎంత కట్టపడి నింపాను, మళ్ళీ నాసేతే గోకిత్తన్నారు,” అని గొణుగుతూనే విరిగిన రంపం బ్లేడుతో ఒక్కో గాడీ గీకాడు. మూత లోపలి వైపు ఎండిన తెల్ల ముద్ద అతుక్కుని ఉంటే ఇంజనీరు తుడిచేశాడు. ట్యూబులోంచి కొత్త తెల్ల ముద్ద తీసి అక్కడే పలచగా రాశాడు.

సింహాచలం బ్లేడు ఆపాడు. “ఓర్నాయనో! నువ్వూ లప్పమే ఎడతన్నావు గదేటి సారూ!”

ఇంజనీరు నవ్వాడు. ఇది వేడిని లోపలి నుంచి మూతకు దాటించే ముద్ద అనీ, లప్పం వేడిని ఆపేస్తుందనీ చెప్పాడు.

“ఆరిపోతే రెండూ ఒకటే,” అన్నాడు సింహాచలం. నాకూ అలాగే అనిపించింది. ఒక తెల్ల ముద్ద గీకి పారేస్తే బాగుపడింది, ఇంకో తెల్ల ముద్ద పూస్తే బాగుపడింది. ఏ ముద్ద ఎక్కడ పూయాలో ఎలా తెలుస్తుందో నేను అడగలేదు.

మూత బిగించి, అడుగున గాలి ఆడేలా రబ్బరు ముక్కలు పెట్టి బల్ల మీదికి ఎక్కించారు. ఎండ నడినెత్తికి వచ్చింది. లారీలు వరస కట్టాయి. ఇన్‌ఛార్జి గారు గుమ్మంలో నిలబడ్డారు. నేను పలక దగ్గర చెయ్యి ఊపుతున్నాను, లోపల చీటీ కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఖాళీ అయినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి పెట్టె మీద చెయ్యి వేశాను. మూడోసారి చుర్రుమంది.

“కాలింది బాబూ! కాలింది!” అని అరిచాను. చెయ్యి కాలితే ఈ మనిషికి సంతోషమేమిటని లారీల వాళ్ళు వింతగా చూశారు.

వరసలో చివరి లారీ దిగేదాకా తెర నల్లబడలేదు. ఇన్‌ఛార్జి గారు జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. తప్పయిందని అనలేదు. సత్యనారాయణ గారు తాళంచెవి ముట్టుకోలేదు. “ఇక నుంచి కంప్యూటరు ఆగితే చేతి చీటీ రాయనండి. లారీలు ఎంతసేపైనా నిలబడాల్సిందే. ఒప్పుకుంటే తీసుకుంటాను,” అన్నారు. ఇన్‌ఛార్జి గారు సరేనన్నారు. అప్పుడు తీసుకున్నారు. తర్వాత కరెంటు పోయిన రోజుల్లో గేటు దాకా లారీలు నిలిచిపోయేవి, డ్రైవర్లు తిట్టేవాళ్ళు. ఆయన కలం తీయలేదు.

నేను ఖలాసీగానే రిటైరయ్యాను. నా తర్వాత కాటా మీదికి వచ్చిన వాళ్ళకు పని అప్పగించేటప్పుడు ఒక మాట చెప్పాను. యంత్రం ఆగితే దానికి ఈ మధ్య మనం ఏం మేలు చేశామో ముందు అడగాలి. కీడు చేసిన మనిషిని వెతకడం ఆ తర్వాతి పని.