రాజాం హాల్లో మన పైడితల్లి

నిన్న రాజాంలో సినిమా చూస్తుంటే తెర మీదకి మన పైడితల్లి వచ్చింది. నా పక్కనే వాళ్లమ్మ కూర్చుంది.

మన బ్యాచ్ వాళ్లకి గుర్తుందా? తొమ్మిదో తరగతిలో బెంచీ మీద దరువేస్తూ, చేపల గంపతో తిరిగే వాళ్లమ్మ మీద ర్యాప్ కట్టింది. మన వైపు ర్యాప్ పాడిన మొదటి ఆడపిల్ల అదే. వార్షికోత్సవంలో యాస మార్చి పాడమన్నారు మాస్టారు.

"మాయమ్మ ఇలాగే మాటాడతాది సార్. మారిస్తే ఆ పాట మాయమ్మది కాదు" అని స్టేజీ దిగిపోయింది.

ఆ సాయంత్రం సైకిల్ స్టాండు రేకుల కింద మనకోసం పాడింది. తర్వాత దాని పాటలు ఫోన్లలో ఊరూరా తిరిగాయి. అవి విన్న సినిమావాళ్లే పిలిచి వేషమిచ్చారు.

నిన్న తెర మీద అది నోరు విప్పగానే హాలంతా ఈలలు. వాళ్లమ్మ మాత్రం కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"సిక్కిపోనాదే పిల్ల. అక్కడ దానికి అన్నం ఎవులు పెడతన్నారే?"