నన్ను వద్దన్న మామ

మామ పోయాడన్న కబురు నాకు పొద్దున్నే కాలేజీ మైదానంలో అందింది. పిల్లలు చుట్టూ పరుగు పెడుతున్నారు, నేను ప్రాక్టీసుకి కోన్లు వరసగా పెడుతున్నాను. అత్త ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "మామ పోయినాడు పాపా. నిద్దర్లోనే. కాఫీకి లేపితే లేవలే," అంది. ఇప్పుడే వస్తున్నానన్నాను. "ప్రాక్టీసు అయినాంక రా. మధ్యలో ఇడిచిపెట్టి వచ్చినావంటే ఆయనకి కోపం వస్తాది," అంది. పోయిన మనిషి కోపానికి భయపడి ఆ పూట ప్రాక్టీసు పూర్తయ్యేదాకా ఆగాను. పిల్లలకి చెప్పలేదు. నా ఈల సరిగ్గా మోగడం లేదని మాత్రం వాళ్ళు గమనించే ఉంటారు.

ఆయన నాకు చుట్టం కాదు. కోసపాళయంలో మా వెనక వీధి. మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా మిల్లు జట్టుకి ఫుట్‌బాల్ ఆడాడు. అప్పుడు దెబ్బతిన్న మోకాలు చివరిదాకా ఆయన్ని కుంటించింది. మా వీధుల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళలో పెద్దవాళ్ళందరూ మామలూ అత్తలే కాబట్టి ఈయనా మామ అయ్యాడు. తెలుగు ఆయనకి నోటి వరకే, చదవడానికి తమిళ పేపరే. నాకు అక్షరాలు మా అమ్మ నేర్పింది. అందుకని నేను రాస్తున్న ఇది ఆయన ఉన్నా చదవగలిగేవాడు కాదు, నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. వినిపిస్తే రెండో వాక్యం దగ్గరే ఆపి "అట్ల కాదు" అని మొదలుపెట్టేవాడు.

ఆయన గురించి ఇప్పుడు చాలామంది చాలా మంచి మాటలు చెబుతున్నారు. నేను చెప్పగలిగింది ఒకటే. నేను కోచ్‌గా వద్దని సరైన కారణంతో చెప్పిన మనిషి ఈ ఊరు మొత్తం మీద ఆయనొక్కడే.

కాలేజీ మైదానం పక్క గేటుకి ఎదురుగా ఒక సైకిల్ షాపు, దాని ముందు ఒక పొడవాటి బెంచీ ఉన్నాయి. సాయంత్రం ప్రాక్టీసు చూసినవాళ్ళు అక్కడ కూర్చుని టీ తాగుతారు. వాళ్ళలో ఆ కాలేజీలో చదివినవాడు ఒక్కడూ లేడు. కరెంటాఫీసు, బస్సు డిపో, మిల్లు, ఇవీ వాళ్ళ చదువులు. అయినా జట్టు మాత్రం వాళ్ళదే. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరికి మోకాలి పట్టీ కొనివ్వాలి అన్నీ ఆ బెంచీ మీదే తేలేవి. తేలినవి కోచ్ దాకా వెళ్ళేవా అంటే, అది వేరే సంగతి.

ఆ బెంచీకి పెద్ద మామ. మాటలతో వాదన తేలకపోతే "ఇడవండి చెప్పులు" అనేవాడు. అందరూ చెప్పులు విడిచేవారు. ఆయన వాటిని రోడ్డు పక్క మట్టిలో జట్టులాగా అమర్చేవాడు. ఇది ఎడమ బ్యాకు, ఇది మధ్యలో లింకు, ఇది అంచున వింగు. సైకిల్ షాపాయన కొత్త చెప్పులు ఎప్పుడూ సెంటర్ ఫార్వర్డే. వాదన తేలేదాకా ఎవరి చెప్పులు వాళ్ళకి దక్కేవి కావు, కాబట్టి ఎవరూ ఇంటికి వెళ్ళగలిగేవారు కాదు. ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు ఫోన్ చేసి, "ఏంది, మీ చెప్పులు ఇంకా ఆడతానే ఉండాయా?" అని అడిగేవారు.

మ్యాచ్ రోజున మాత్రం బెంచీవాళ్ళతో కలిసేవాడు కాదు. ఎదుటి జట్టు గోలు వెనక ఒక్కడే నిలబడేవాడు. ఎందుకు మామా అని ఒకసారి అడిగితే, "మనోళ్ళు యాడికి రావాల్నో ఆడ నిలబడాల. వచ్చేది కండ్లారా చూడాల," అన్నాడు. హాఫ్ టైములో జట్లు వైపులు మారతాయి కదా, ఈయన కుంటుకుంటూ మైదానం చుట్టి అవతలి గోలు వెనక్కి బయల్దేరేవాడు. చేరేసరికి రెండో సగం మొదలైపోయేది. ఒకసారి మా పిల్లలు జాలిపడి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. దాని మీద ఎవరిదో బ్యాగు పెట్టి తను నిలబడే చూశాడు.

కాలేజీ మగపిల్లల జట్టు అసిస్టెంట్ కోచ్‌కి కారైకాల్‌లో ప్రభుత్వ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయినప్పుడు బెంచీకి పండగ వచ్చినట్టయింది. ఆ ఖాళీకి మూడు పేర్లు వినబడ్డాయి. ఒకరు పోలీసు జట్టుకి ఫార్వర్డ్‌గా ఆడి రిటైరైన పెద్దాయన. ఒకరు చెన్నైలో కోచింగ్ లైసెన్సు తెచ్చుకున్న కుర్రవాడు. మూడో పేరు నాది. నేనప్పుడు విల్లియనూరు దగ్గర ఒక బడిలో ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాను. తాత్కాలికపు పని, బడి వాళ్ళు వద్దంటే ఆ రోజుతో సరి. ఈ ఉద్యోగం నాకు కావాలి. జీతం కోసం కూడా కావాలి, కానీ అంతకన్నా నాకు ఆట తెలుసన్న నమ్మకం ఉంది. దాన్ని గట్టి జట్టుతో చూపించే చోటు కావాలి.

విల్లియనూరు బస్సు దిగి ఇంటికి నడిచే దారిలోనే ఆ బెంచీ. రోజూ ఏవో మాటలు చెవిన పడేవి. పోలీసాయన పేరు వస్తే గొడవ, "కాలు బాగుండాది, నోరే బాగలేదు" అని ఒకరు, "నోరు లేకుంటే కోచ్ యాడ అవుతాడు?" అని ఇంకొకరు. లైసెన్సు కుర్రవాడి పేరు వస్తే ఇంకో గొడవ. నా పేరు వస్తే గొడవ ఉండదు. "మంచి పాప." "మన వీధి పాప." "ఎంత పద్ధతి!" ఒకరి తర్వాత ఒకరు నన్ను పొగిడి, మళ్ళీ పోలీసాయన దగ్గరికి వెళ్ళిపోయేవారు. మంచి పాప అన్నారంటే ఆ ఉద్యోగం నాకు రాదని అర్థం. అది తెలుసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు.

ఒక సాయంత్రం అలాగే పొగుడుతున్నారు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. మామ టీ గ్లాసు కింద పెట్టి, "నాకు ఈ పాప వద్దు," అన్నాడు.

సైకిల్ షాపాయన కంగారుపడి, "ఏందన్నా, ఆడపిల్లని ఎదురుగా పెట్టుకోని అట్ల అంటావు!" అన్నాడు.

"ఆడపిల్లైతే నాకేంది? గోలు ముందర కాపలా కాసే స్టాపర్ బ్యాక్ కదా, అదీ నాకు కష్టం," అన్నాడు మామ. నా వైపు తిరిగాడు. "నువ్వాడిన ఆటలన్నీ చూసినా పాపా. మీ జట్టుకి ఒక గోలు వచ్చిందంటే సాలు, బ్యాకుల లైను మొత్తం ఎనక్కి లాగతావు. ఓడకుండా ఉండేది నీకు బాగా తెలుసు. మనకి గెలిచేది నేర్పేవాళ్ళు కావాల."

ఒళ్ళు మండిపోయింది. అంతకు రెట్టింపు సంతోషం వేసింది. ఆ రెండూ ఒకేసారి రావడం నాకదే మొదలు. మా ఆడవాళ్ళ మ్యాచ్‌లకి వచ్చేది మా అమ్మలూ నాన్నలే అనుకునేదాన్ని. నేను మా గోలు ముందు ఉండేదాన్ని, ఈయన ఎదుటి గోలు వెనక నిలబడేవాడు, అందుకే ఇన్నేళ్ళూ నా కంట పడలేదు. ఊళ్ళో అందరూ నా పద్ధతి చూశారు. ఈయన నా ఆట చూశాడు. చూసి, బాగాలేదన్నాడు!

"చెప్పులు ఇడవండి," అన్నాను నేను. బెంచీ బిత్తరపోయింది గానీ విడిచింది. నా బూట్లూ విప్పి కలిపాను. మామ చెప్పినట్టే బ్యాక్ లైనంతా ముందుకి జరిపి, వెనక మిగిలిన ఖాళీలో ఒక గులకరాయి వేశాను. "ఇది వాళ్ళ వింగరు మామా. ఒక లాంగ్ బాల్ వచ్చిందనుకో. నీ లైనులో ఎవరు పరిగెత్తి పట్టుకుంటారో చూపించు."

మామ మోకాలు పట్టుకుని వంగి చాలాసేపు చూశాడు. బ్యాకుగా పెట్టిన బస్సు డిపో ఆయన చెప్పుని తనే కాస్త వెనక్కి జరపబోయి, నేను చూస్తున్నానని ఆగిపోయాడు. "నేను ఒప్పుకోను," అన్నాడు చివరికి. "రేపు రా."

మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. నేను వచ్చేసరికి ఆయన ఇంట్లో ఆలోచించుకుని కొత్త ఎత్తుతో సిద్ధంగా ఉండేవాడు. నేనూ బస్సులో ఆలోచించుకుని వెళ్ళేదాన్ని. నాలుగు రోజులు గడిచేసరికి పోలీసాయననీ, లైసెన్సు కుర్రవాణ్ణీ అందరూ మరిచిపోయారు. బెంచీలో సగం మంది లైను ముందుకి, సగం మంది వెనక్కి. నేను ఆడపిల్లనన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ సార్ యానాం నుంచి వచ్చిన మనిషి, ఆయనా అక్కడే టీ తాగేవాడు. ఒక పక్కగా నిలబడి అంతా విన్నాడు. నాకు ఉద్యోగం వచ్చిన తర్వాత ఒకరోజు చెప్పాడు: "మిగతా ఇద్దరి గురించీ బెంచీ మీద కబుర్లు విన్నానండి. మీ గురించి మాత్రం ఆట విన్నాను. అప్పుడే మీరే అని అనుకున్నానమ్మా."

ఉత్తర్వు వచ్చిన రోజు స్వీటు తీసుకుని మామ ఇంటికి వెళ్ళాను. మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుని, "వచ్చేసినావు. సంతోషం. నేను వద్దన్నది వద్దన్నదే," అన్నాడు. అత్త నెత్తి కొట్టుకుంది.

మొదట్లో వరసగా ఓడాం. ఒక ఓటమి మర్నాడు నా బండి టైరుకి గాలి పట్టించుకోవడానికి సైకిల్ షాపు లోపల ఉన్నాను. బయట బెంచీ మీద ఒకాయన, నన్ను మంచి పాప అని అందరికన్నా గట్టిగా పొగిడినాయనే, "నేను అప్పుడే అనుకున్నా. మగపిల్లకాయలు ఆడదాని మాట యాడ వింటారు?" అన్నాడు.

మామ లేచిన చప్పుడు వినబడింది. "ఓడింది ఆడదని కాదురా! లైను ఎనక్కి లాగిందని! తిట్టాలంటే దానికి తిట్టు, నేనూ తిడతా. ఇంకోదానికి తిడితే ఈ బెంచీలో నీకు చోటు లేదు." ఆ రోజు ఆ మాటన్నాయన చెప్పులు మట్టిలో జట్టులో ఉన్నాయి. మామ తిరిగి ఇవ్వలేదు. పెద్దమనిషి రోడ్డు వెంట ఒట్టి కాళ్ళతో ఇంటికి పోయాడు.

నేను షాపు లోపలే ఉండిపోయాను. బయటికి వస్తే ఏడుస్తానని తెలుసు, ఏడిస్తే మళ్ళీ ఆడపిల్లనైపోతాను. ఆయన నాకు ఇచ్చింది ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. నేను గెలిచినా ఓడినా దానికి కారణం నా ఆటే అయ్యేలా చూశాడు. మగవాళ్ళకి అది పుట్టుకతోనే దొరుకుతుంది కాబట్టి దాని విలువ వాళ్ళకి తెలియదు.

తర్వాత గెలవడం మొదలైంది. ట్రోఫీ వచ్చిన ఏడు కూడా మామ బెంచీ మీద నా లైను తప్పని చూపించాడు. పోయిన ఏడాది నన్ను హెడ్ కోచ్ చేస్తారన్న మాట పుట్టినప్పుడు ఆయన్ని ఎవరో అడిగారట. "అసిస్టెంటుకే వద్దన్నోణ్ణి, దీనికెట్ల సరే అంటాను?" అన్నాడట. నేను హెడ్ కోచ్‌నయ్యాను. ఈసారి మైసూర్‌పాక్ రెండు ముక్కలు తిన్నాడు.

ఆయన పోయిన రోజు ఇంటి ముందు బెంచీ మొత్తం నిలబడి ఉంది. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూసి సైకిల్ షాపాయన వెక్కివెక్కి ఏడ్చాడు. అత్త మాత్రం నన్ను పక్కకి పిలిచి, "నిన్న రాత్రి కూడా నిన్నే తిడతా పండుకున్నాడు పాపా," అంది. అంతకన్నా ఓదార్పు మాట ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు.

పోయిన వారం మా మ్యాచ్ జరిగింది. ఒక గోలు మాది. ఆట ముగియడానికి కాస్త ముందు లైను వెనక్కి లాగాను. కావాలనే లాగాను. మా కుడి బ్యాకు కాలు పట్టేసి ఉంది, సముద్రం గాలి వాళ్ళకి అనుకూలంగా తిరిగింది, వాళ్ళ వింగరు మంచి పరుగులో ఉన్నాడు. ఒకటికి సున్నా, గెలిచాం. లైను గురించి మామకి నేను చెప్పిన జవాబులన్నిటిలోకీ గట్టి జవాబు ఆ రోజు నా దగ్గరుంది.

జనం పక్క గేటు వైపు కదిలారు. పోతూ పోతూ నాకు చెయ్యి ఊపారు. "సూపర్ మేడమ్!" "బ్రహ్మాండం!" బెంచీవాళ్ళు కూడా వచ్చి చెయ్యి కలిపి, బాగా ఆడించావని చెప్పి, అదే గేటు వైపు వెళ్ళారు. మ్యాచ్ అయ్యాక ఇలాగే అందరూ బయటికి పోతుంటే, వాళ్ళని తోసుకుంటూ ఒక్క మనిషి ఎదురు వచ్చేవాడు. నాకు వినబడని దూరంలోనే మాట మొదలుపెట్టేసేవాడు. నేను గీత దగ్గరే నిలబడ్డాను. కదిలే తలల మధ్య నుంచి చూస్తూ ఉన్నాను. అందరూ బాగుందన్నారు. అందరూ వెళ్ళిపోతున్నారు. ఇటువైపు ఎవరూ రావడం లేదు.