రేపల్లెలో ఎక్కని సాఫ్ట్‌వేర్

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళతో వాదన పెట్టుకునే ఓపిక కూడా నాకు లేదు. తెనాలిలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. ఈ పనిలో ప్రతి జబ్బుకీ ఒక కారణం ఉంటుంది. వదులైన వైరో, చచ్చిన ర్యామో, ఫ్యానులో దూరిన బల్లో. "మా సిస్టమ్‌కి దిష్టి తగిలిందండి" అంటూ మొహం వేలాడేసుకుని వచ్చినవాళ్ళనీ చూశాను. లోపలి దుమ్ము ఊదేసి, పని చేస్తోందని చూపించి పంపేవాణ్ణి.

కాబట్టి ఇది చదివి, వీడికేదో పిచ్చి నమ్మకం ఉందిలే అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

రెండువేల ఏడు ప్రాంతంలో మాట. మా సుగుణక్క రేపల్లెలో ఉండేది. ఆమె భర్త ప్రసాద్ బావది బాపట్ల. రేపల్లె వచ్చి, బస్టాండుకి దగ్గర్లో, ఇంటి ముందు గదిలోనే డీటీపీ షాపు పెట్టుకున్నాడు. శుభలేఖలు, చర్చి కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు తెలుగులో టైపు చేసి ప్రింటు తీసి ఇచ్చేవాడు. ఎండలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం షాపులోనే కూలబడిపోయాడు. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు. గుండెపోటన్నారు. నలభై కూడా నిండలేదు.

అక్క ఏడవలేదు. సమాధుల తోటలో కూడా ఏడవలేదు. "ఏడవమ్మా, లోపల పెట్టుకోకూడదు" అని ఆడవాళ్ళు వీపు నిమిరారు. ఆమె తలూపి, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందాయా అని అడిగింది. నాకూ ఏడుపు రాలేదు. ఎవరింట్లోనో జరిగిన సంగతి ఇంకెవరో చెబుతుంటే విన్నట్టు ఉంది. తిన్నాం, పడుకున్నాం, లేచాం.

పోయినవాళ్ళ ఇంట్లో చర్చివాళ్ళు పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక, అయిన మర్నాడు అక్క అత్తగారు అసలు మాట ఎత్తింది. షాపు మూసేసి, సామాను అమ్మేసి, పాపని తీసుకుని బాపట్ల వచ్చెయ్యమంది. ఆమె చెడ్డది కాదు. కొడుకు పోయిన మనిషి, మనవరాలినైనా కళ్ళెదుట పెట్టుకోవాలనుకుంది.

"నేను చేసుకోగలనత్తయ్యా. టైపింగ్ నాకొచ్చు" అంది అక్క.

"ఒక్కదానివి, ఆ డబ్బా ముందేసుకుని ఏం చేస్తావమ్మా?"

నిజానికి అక్క టైపు చేస్తే బావ కన్నా వేగం. షాపులో సగం పని ఆమే చేసేదని మా అందరికీ తెలుసు. కానీ ఆ పూట ఎవరూ ఆ మాట అనలేదు, నాతో సహా.

షాపుకి పెద్ద ఖాతా ఊళ్ళోని ఒక ప్రైవేటు స్కూలు. పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. వాళ్ళ తెలుగు మాస్టర్లు కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్‌కి మారారు. వాళ్ళిచ్చిన ప్రశ్నలు బావ సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలు. స్కూలాయన మర్యాదగానే చెప్పాడు. "సోమవారానికి ఇస్తే మీకేనమ్మా. లేకపోతే మేం తెనాలి వెళ్ళాల్సొస్తుంది" అన్నాడు. ఆ స్కూలు పోతే షాపులో ఇక మిగిలేదేమీ లేదు. అక్క బాపట్ల వెళ్ళక తప్పదు. నాకు ఫోన్ చేసి, "రారా ఒకసారి, ఆ కొత్తది ఎక్కించిపో" అంది.

అరగంట పని అనుకుని వెళ్ళాను. సాఫ్ట్‌వేర్ సీడీ పెడితే సగం దాకా పోయి ఆగింది. ఈ సిస్టమ్‌లో ఫలానా అప్‌డేట్ లేదు, అది వేసి రమ్మని మెసేజ్. అందులో వింతేమీ లేదు. అప్పట్లో మా వైపు సిస్టమ్ లోడ్ చేయగానే మొదట చేసే పని అప్‌డేట్స్ ఆఫ్ చేయడం. ఒక్క దొంగ సీడీతో ఊరంతటికీ లోడ్ చేసేవాళ్ళం కదా, అప్‌డేట్స్ ఆన్‌లో ఉంటే 'ఇది అసలుది కాదు' అని తెర మీద గొడవ మొదలయ్యేది. బావ అయితే ఈ విషయంలో మరీ చాదస్తుడు. ఎవరైనా అప్‌డేట్ మాట ఎత్తితే మౌసు ముట్టుకోనిచ్చేవాడు కాదు.

కావలసిన అప్‌డేట్ నా దగ్గర వేరే సీడీలో ఉంది. అప్‌డేట్స్ ఎక్కనిచ్చే సర్వీసు ఒకటి ఉంటుంది, దాన్ని ఆన్ చేసి ఆ సీడీ పెట్టాను. కొంత ఎక్కింది, రీస్టార్ట్ అడిగింది. చేశాను. సిస్టమ్ లేచేసరికి సర్వీసు ఆఫ్. ఎక్కిందేదో అదీ లేదు.

నేనే సరిగ్గా సేవ్ చేయలేదేమో అనుకున్నాను. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. వైరస్ వెతికాను, దొరకలేదు. దాన్ని ఆఫ్ చేసే ప్రోగ్రామ్ ఏదైనా దాక్కుందేమోనని సిస్టమ్‌తో పాటు మొదలయ్యేవాటినన్నిటినీ ఆపేసి చూశాను. నాకు ఒళ్ళు మండింది. భయం కాదు, చిరాకు.

ఫార్మాట్ కొడదామంటే పాత సాఫ్ట్‌వేర్ సీడీ ఇల్లంతా వెతికినా కనబడలేదు. కొత్తది ఎక్కక, పాతది పోతే రెంటికీ చెడిన రేవడి అవుతాం. నా షాపులోంచి వేరే సిస్టమ్ తెద్దామంటే బావ పాత ప్రింటరు ఈ సిస్టమ్‌తో తప్ప దేనితోనూ పలకదు. చివరికి సీపీయూని దుప్పట్లో చుట్టి పాసింజరులో తెనాలి తీసుకెళ్ళాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఉన్న పెద్దావిడ, "ఏంటి నాయనా, టీవీయా?" అంది.

"కంప్యూటరండి."

"దానికేమైంది?"

"చెప్పిన మాట వినట్లేదండి" అన్నాను.

తెనాలిలో విన్నది. సర్వీసు ఆన్ చేశాను, సిస్టమ్ ఆపి మళ్ళీ వేశాను, సర్వీసు ఆన్‌లోనే ఉంది. ఎన్నిసార్లు చేసినా అలాగే ఉంది. అప్‌డేట్ మొదలుపెట్టేలోగా కరెంటు కోత. అక్క అక్కడ ఎదురుచూస్తోంది, మిగతాది రేపల్లెలోనే చేసేద్దామని మళ్ళీ దుప్పట్లో చుట్టి బయల్దేరాను. అక్కడ వైర్లు తగిలించి స్విచ్ వేస్తే, సర్వీసు ఆఫ్.

నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. బావ పోయినప్పటి నుంచీ ఏదీ నా దాకా రావడం లేదు. అక్కతో, "ఇంక నావల్ల కాదక్కా. స్కూలాయనకి చెప్పెయ్" అన్నాను. పక్కన అత్తగారు ఉంది. లోపలికెళ్ళి పాప గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

అక్క ఆ సంచి వంక కాసేపు చూసింది. తర్వాత నన్ను లేవమని సైగ చేసి, తను కూర్చుంది. మానిటర్ వంక చూస్తూ మామూలు గొంతుతో మాట్లాడింది. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే.

"ఏవండీ, గుండెల్లో మంటగా ఉందంటే గుంటూరు పోదాం రండని ఎన్నిసార్లడిగా? గ్యాసన్నారు. సోడా తాగి పడుకున్నారు. నడిచే బండిని విప్పించి చూసుకోవడం ఎందుకే అన్నారు. నా మాట ఒక్కసారన్నా ఇన్నారా? ఇప్పుడన్నా ఇనండి. నేను బాపట్ల పోను. పాపని ఇక్కడే చదివించుకుంటా. నాకీ పని కావాలి. తప్పుకోండి."

లోపల సంచి చప్పుడు ఆగింది. నాకు సిగ్గుగా అనిపించింది, అక్కకి మతి చలిస్తోందేమోనని కూడా అనిపించింది. ఆమె సాఫ్ట్‌వేర్ సీడీ పెట్టింది. అప్‌డేట్ వేయకుండా పెట్టి లాభం లేదని చెప్పబోయాను, చెప్పినా వినేలా లేదని ఊరుకున్నాను. మొదలైంది. సగం దాకా పోయింది. మెసేజ్ రాలేదు. చివరి దాకా పోయింది. స్కూలు ప్రశ్నపత్రం తెరిస్తే ప్రతి అక్షరం, ప్రతి ఒత్తూ తిన్నగా కనబడ్డాయి.

అక్క నాకేసి చూడను కూడా చూడలేదు. టైపు చేయడం మొదలుపెట్టింది. కాసేపటికి అత్తగారు వచ్చి పక్కన టీ గ్లాసు పెట్టి వెళ్ళింది.

అక్క భోజనానికి లేచినప్పుడు నేను కూర్చుని లోపలంతా చూశాను. అప్‌డేట్ సర్వీసు ఆఫ్‌లోనే ఉంది. కావలసిన అప్‌డేట్ లేదు. ఎక్కించిన గుర్తు కూడా లేదు. అది లేకుండా ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కదు. తెనాలి వచ్చాక అదే సీడీని దొరికిన ప్రతి సిస్టమ్‌లో పెట్టి చూశాను. అప్‌డేట్ లేని ఒక్కదాంట్లోనూ ఎక్కలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే, "మీరు సరిగ్గా చూసుండరు సార్" అన్నారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. ఇన్నేళ్ళయింది, ఎన్నో రకాలుగా ఆలోచించాను. ఏ కారణమూ దొరకలేదు. దొరికినట్టు నటించలేను.

ప్రశ్నపత్రాలు సోమవారం అందాయి. తర్వాతి వారం నేను మళ్ళీ వెళ్ళి, చూసినదంతా అక్కకి చెప్పాను. సర్వీసు ఆఫ్‌లోనే ఉందని తెర మీద వేలు పెట్టి చూపించాను. ఆమె కళ్ళు చిట్లించి చదువుకుంది.

"అంటే, మీ బావ దారి వదిలాడు గానీ, అప్‌డేట్ మాత్రం పెట్టుకోలా" అంది.

"అలాగే ఉందక్కా."

"మొండిఘటం" అని నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు ఆగలేదు. ఆగక ఆగక ఏడుపులోకి తిరిగింది. కీబోర్డు మీద తల ఆనించి, షాపు ముందు జనం నిలబడి చూస్తున్నా సరే, గట్టిగా ఏడ్చింది. తెర మీద ఒకే అక్షరం వరసగా పడిపోతూ ఉంది. నేను దాన్ని ఆపలేదు. నేనూ ఏడుస్తున్నాను.