బావ వాచీలో నా పరుగు

మొన్న శుక్రవారం ఉదయం నేనింకా టీ తాగుతుండగానే అక్క ఫోన్ చేసింది. "ఏట్రా, ఓపాలి ఇంటికొస్తావేటి? క్లబ్బోళ్ళు ఆదివారం మీ బావ పేరు మీద పరుగు పెడతన్నారంట. బేనరు మీద ఆయన ఆఖరి పరుగు దారి మేపు ఎయ్యాలంట. నాకాయన ఫోన్లో ఏది నొక్కితే ఏటొస్తాదో తెలవదు. నువ్వొచ్చి తియ్యి," అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. టీలో పంచదార వెయ్యడం మరిచిపోయానేమోనని మా ఆవిడ డబ్బా, చెంచా పట్టుకుని వచ్చింది. టీ బాగానే ఉంది. ఆ ఫోన్లో ఉన్న ఆఖరి పరుగు బావది కాదు. దానికి ముందున్న పది రోజుల పరుగులూ బావవి కావు. బావ పోయాక ఈ రెండేళ్ళలో ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకి అసలే చెప్పలేదు.

బావ, మేం వచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్ళో, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో క్రేన్ నడిపేవాడు. పైన అద్దాల గదిలో కూర్చుని, కింద ఎర్రగా కాగుతున్న పట్టాలను ఎత్తి పక్కన పెట్టడం ఆయన పని. ముప్పై ఏళ్ళు కూర్చుని చేసిన పనికి పొట్ట వచ్చింది, ఓపిక కూడా వచ్చింది. అలాంటి మనిషిని యాభయ్యొకటో ఏట పరుగులో దింపింది నేనే. మా క్లబ్ అప్పటికి కొత్తది. ఈత నేర్పి రిటైరయిన ఒక బెంగాలీ పెద్దాయన, మా అందరికీ ఆయన దాదా, నలుగురితో మొదలుపెట్టాడు. తరవాత ముప్పై మంది అయ్యారు. బావ మొదటి రోజు మిల్లులో తొడుక్కునే ఇనప ముక్కు బూట్లతో వచ్చాడు. దాదా వంగి వాటి ముక్కు మీద వేలితో కొట్టి చూశాడు. "ఏటి దాదా, ముప్పైయేళ్ళ బట్టి ఇవే. వీటితోటి పరిగెడితే విప్పీసినాక గాల్లో తేలిపోతాను," అన్నాడు బావ. రెండు వందల గజాలు పోయి మైదానం మధ్యలో కూర్చుండిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి నా పాత బూట్లతో.

ఈత కూడా అలాగే నేర్చుకున్నాడు. మిల్లు టౌన్‌షిప్ కొలనులో ఏడేళ్ళ పిల్లల పక్కన, నడుముకి ట్యూబు కట్టుకుని. నేను నీళ్ళలో చెయ్యి కింద పెట్టి ఉంచితే తప్ప కాళ్ళు పైకి లేపేవాడు కాదు. ప్రతి నాలుగు బారలకీ ఒకసారి నా మొహంలోకి చూసేవాడు, వదిలేశానేమోనని. సైకిలు మాత్రం మాకంటే బాగా తొక్కేవాడు. సున్నపురాయి గనులున్న నందిని వైపు వెళ్ళేవాళ్ళం. సున్నపురాయి లారీలు లేపిన తెల్ల దుమ్ము మీద పడి, తిరిగి వచ్చేసరికి అందరి తలలూ నెరిసిపోయేవి. ఆయన సైకిలు అద్దంలో చూసుకుని, "రిటేరయినాక నానిలాగుంటాన్రా, ఏటంటావు, బాగున్నానా?" అనేవాడు. చలికాలంలో మాలో మేమే ఒక పోటీ పెట్టుకునేవాళ్ళం. ఈత, నందిని దాకా సైకిలు, ఆపైన టౌన్‌షిప్ సెక్టార్ల చుట్టూ పరుగు. అన్నీ కలిపి చూస్తే బావ ఆఖరివాడే.

ఆఖరివాడికి మా క్లబ్బులో ఒక మర్యాద ఉంది. ముందు ముగించినవాళ్ళు బూట్లు విప్పకూడదు. వెనక్కి పరిగెత్తి వెళ్ళి, వస్తున్న ఆఖరి మనిషిని కలుసుకుని, ఆయన వేగంతోనే మైదానంలోకి తీసుకురావాలి. ఆ తరవాతే అటుకుల పోహా, జిలేబీ. ఆ జిలేబీ కోసమైనా అందరం బావకి ఎదురు పరిగెత్తేవాళ్ళం. ముప్పై మంది మధ్యలో చేతులూపుకుంటూ వచ్చేవాడు. "పెళ్ళిలో కూడా నాకింత ఊరేగింపు అవ్వలేదర్రా! మీ అప్పని కూడా పిలవండి, సూస్తాది," అనేవాడు నాతో, అక్క గురించి. అలా ఆఖరివాడిగా ఉండటంలో ఆయనకి ఏ చిన్నతనమూ ఉన్నట్టు నాకు తోచలేదు. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

ఎందుకంటే తరవాత నేను వంద రోజుల జాబితా మొదలుపెట్టాను. రోజుకి అయిదు కిలోమీటర్లకు తగ్గకుండా వంద రోజులు పరిగెత్తాలి. చేతికున్న వాచీ దూరం, దారి, గుండె వేగం అన్నీ లెక్కగట్టి ఫోన్లోకి పంపుతుంది. అందరి పేర్లూ గ్రూపులో కనిపిస్తాయి. ఒక్కరోజు తప్పితే పేరు పోతుంది. మా పక్కనున్న రిసాలి వాళ్ళ క్లబ్బూ అదే పెట్టుకుంది, ఎవరి జాబితాలో ఎక్కువమంది మిగులుతారా అని మాకూ వాళ్ళకీ పంతం. అత్తగారు పోయారని మా క్లబ్బులో ఒక దీదీ రెండు రోజులు పరిగెత్తలేదు. ఆవిడ పేరు తీసేసి, రూలు రూలే అని గ్రూపులో రాశాను. ఆ ఆదివారం దాదా పోహా ప్లేటు పట్టుకుని నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను క్రమశిక్షణ అనుకున్నదాన్ని ఆయన ఏమనుకున్నాడో అడగలేదు. జాబితాలో ఒక్కొక్కరే రాలిపోయారు. ఎనభయ్యో రోజుకి మా క్లబ్ తరఫున మిగిలింది నలుగురు. అందులో నేనొకణ్ణి, బావ ఒకడు. వేగంలో ఎప్పుడూ ఆఖరున ఉన్న మనిషి, మానకపోవడంలో కుర్రాళ్ళని మించిపోయాడు. అక్కకి రోజూ సాయంత్రం ఫోన్ తెరిచి చూపించేవాడట.

ఎనభై ఆరో రోజు పొద్దున్న మా సెక్టార్ స్కూలు మైదానం దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. మామూలు రోజుల్లో ఎవరి సెక్టార్లో వాళ్ళు పరిగెత్తేవాళ్ళం, కాబట్టి అక్కడ మేమిద్దరమే. వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు. "బామ్మర్దీ, ఇయ్యాల ఇది కూడా కట్టుకెల్లు. మోకాలు పట్టీసింది. ఒక్కరోజే. ఇన్నాళ్ళయ్యాక పేరు తెగిపోతే రిసాలోళ్ళు జిలేబీలు పంచుతారు."

"మోకాలేనా బావా? మొహం అలాగుందేటి?"

"చలిరా బాబూ. ఎల్లు, ఎల్లు, టైమైపోతంది."

ఎడమ చేతికి నాది, కుడి చేతికి ఆయనది కట్టుకుని పరిగెత్తాను. మర్నాడూ అంతే. మూడో రోజు నుంచి ఆయన సాకు చెప్పడం మానేశాడు, నేను అడగడం మానేశాను. నేను రాగానే వాచీ విప్పి ఇచ్చి మెట్ల మీద కూర్చునేవాడు, తిరిగి వచ్చాక కట్టుకుని ఇంటికి వెళ్ళేవాడు. ఆదివారం అందరం కలిసినప్పుడు, డ్యూటీ ఉందని ముందే పరిగెత్తేశాడని క్లబ్బులో నేనే చెప్పాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. బావ వేగం పెరిగిందని గ్రూపులో అందరూ ఆశ్చర్యపోయారు. "అంకుల్ తో రాకెట్ బన్ గయే" అని ఎవరో రాశారు, అంకుల్ రాకెట్ అయిపోయాడని. అది చదివి నాకు సంతోషం వేసింది. మర్నాడు ఇంకొంచెం గట్టిగా పరిగెత్తాను. బావ తన నిజమైన వేగంతో వెళ్ళినట్టు మెల్లగా పరిగెత్తాలని నాకు తోచనే లేదు.

మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడని అక్క గమనించింది. తొంభై రెండో రోజు సాయంత్రం ఇద్దర్నీ నేనే కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్టెతస్కోపు పెట్టి చూశాడు, ఏం చేస్తుంటారని అడిగాడు. అక్క గర్వంగా బావ ఫోన్ తీసి ముందు పెట్టింది. డాక్టరు ఆ వారం పరుగులన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. గుండె వేగం గీత మీద వేలు పెట్టి నవ్వాడు. "ఆప్ కా దిల్ తో చాలీస్ సాల్ వాలే కా హై," అన్నాడు, మీ గుండె నలభయ్యేళ్ళవాడిది అని. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన చూసింది నలభై నాలుగేళ్ళవాడి గుండెనే. బావ నా మొహంలోకి చూశాడు, కొలనులో చూసినట్టు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. డాక్టరు గ్యాసుకి మాత్రలు రాసి, కావాలంటే ఈసీజీ కూడా తీయించుకోండి అన్నాడు. "ఇప్పుడే తీయించీద్దామేట్రా?" అంది అక్క. నేను అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎనిమిది రోజులే కదక్కా. వందా అయిపోనీ, అప్పుడు తీరిగ్గా తీయిద్దాం."

కారెక్కేటప్పుడు బావ, "వందా అయినాక ఒక నెల్లాళ్ళు పడుకుంటాను, ఎవుడూ లేపకండి," అన్నాడు. అందరం నవ్వాం. ఆ రాత్రి పడుకోబోయే ముందు నాకు ఒక్క ఆలోచన కూడా రాలేదు. నా వాచీకి చార్జింగు ఉందా అనే చూసుకున్నాను, ఆయన వాచీ సంగతి ఫోన్ చేసి అడిగాను కూడా. మోకాలు నొప్పని చెప్పి పక్కకి తప్పుకుంటానని ఆయన నాతో అనలేకపోయాడు. దీదీ పేరు నేను ఎలా తీసేశానో చూశాడు కదా. సొంత బావమరిదిని సెలవు అడగడం కంటే దొంగతనం అడగడం తేలికనిపించేలా నేను బతికాను.

తొంభై ఆరో రోజు నేను ఆయన వాచీ కట్టుకుని ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తాను. ఆ మధ్యాహ్నం బావ మిల్లు నుంచి భోజనానికి ఇంటికి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ పక్కకి ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే లేడు. పన్నెండు రోజులూ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అక్క ఫోన్ తెరిచి చూపించేది. "సూడండి, ఆ రోజు పొద్దున్న కూడా ఎంత బాగా పరిగెత్తాడో. గుండె సూడండి ఎలాగ కొట్టుకుందో. ఇలాటి గుండె ఎలాగ ఆగిపోద్దండీ?" అని అడిగేది. నేను కుర్చీలు సర్దుతూ ఆ పక్కనే తిరిగేవాణ్ణి. క్లబ్బువాళ్ళు మిగిలిన నాలుగు రోజులూ బావ పేరున పరిగెత్తి వంద పూర్తి చేశారు. వంద అంకె వేసిన చొక్కా తెచ్చి అక్క చేతికి ఇచ్చారు. ఆ ఏర్పాటు చేసినవాణ్ణి నేనే. ఆ తరవాత జాబితా తీసేశాను, పరుగు కూడా మానేశాను. మోకాలు నొప్పి అని చెప్పాను.

కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశాక అక్క స్మృతి నగర్లో ఉంటోంది. శుక్రవారం వెళ్ళేసరికి ఫోన్ని కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టి ఉంచింది. రెండేళ్ళుగా రోజూ చార్జింగు పెడుతోంది. "ఆఖరి పదకొండు రోజులూ ఒకదాన్ని మించి ఒకటి బాగున్నాయిరా. ఏది ఎయ్యాలో నువ్వే సెప్పు. కుశాలుగా పోయాడ్రా, బలంగా ఉండి పోయాడు. నాకదొక్కటే దైర్నం," అంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏదో ఒకటి తీసి పంపించేసి ఉంటే ఆమెకి ఆ ధైర్యం మిగిలేది. కానీ రాబోయే ఆదివారం ముప్పై మంది చేతుల్లో, నిలువెత్తు బ్యానరు మీద, నా పరుగు కళ్ళకి కట్టింది.

"అక్కా, ఇవి బావవి కావు. నావి," అన్నాను.

ముందు అర్థం కాలేదు. వాచీ సంగతి, మోకాలు సంగతి, ఆదివారం చెప్పిన అబద్ధం, అన్నీ వరసగా చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని గుండె వేగం గీత వైపు చూస్తూ ఉండిపోయింది.

"డాకటరుకి సూపించింది కూడానా?"

"అదీ నాదే."

"నువ్వక్కడే కూకున్నావు కదరా."

"కూకున్నాను."

ఫోన్ బల్ల మీద బోర్లించింది. నన్ను తిట్టలేదు. "అయితే ఆ పొద్దుటిపూట్ల ఆయనేటి సేసేవోడ్రా?" అంది.

"స్కూలు మెట్ల మీద కూకునేవోడు."

"ఒక్కడేనా? చలిలోనా? సాలువా ఉండేదా? ఎవుల్తోనైనా మాట్లాడేవోడా? నువ్వు తిరిగొచ్చేసరికి ఎలాగుండేవోడు? గుండె పట్టుకునేవోడేటి? నా మాటేటైనా అనేవోడా?"

శాలువా ఉందో లేదో కూడా గుర్తు రాలేదు. తిరిగి వస్తూనే నేను రెండు వాచీలూ ఆపి, అంకెలు చూసుకునేవాణ్ణి. "తెలవదక్కా. అప్పుడు నాను పరిగెడతన్నాను," అన్నాను.

కాసేపటికి నేనే లేచి వచ్చేశాను. ఆదివారం క్లబ్ బ్యానరు మీద మేపు లేదట, అక్క బావ ఫోటో ఒక్కటే పంపిందట. సాయంత్రం నేను ఆ స్కూలు మైదానానికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. అక్కడ నుంచి ఏం కనిపిస్తుందో చూద్దామనుకున్నాను. రోడ్డు, రెండు వేప చెట్లు, ఎదురు క్వార్టర్ల వెనక గోడలు. ఆ పదకొండు ఉదయాల్లో నేను ఎంతసేపు పరిగెత్తానో సెకన్లతో సహా ఇప్పటికీ చెప్పగలను. సరిగ్గా అంతసేపూ బావ ఇక్కడ కూర్చుని బతికాడు, ఆ సమయం ఆయనకి ఎలా గడిచిందో అక్కకి చెప్పగలిగేవాళ్ళు ఇక ఎవరూ లేరు.