దేశం కొరకు ప్రార్థన

డాలస్ విమానం ఆలస్యమైంది. అట్లాంటా ఎయిర్‌పోర్ట్‌లో కూర్చుని, ఆదివారం మా తెలుగు చర్చిలో చదవాల్సిన "దేశం కొరకు ప్రార్థన" రాసుకుంటున్నాను. పక్కనున్న పెద్దాయన అదేమిటని అడిగారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన రచయితట. ఇంగ్లీషులో చెప్పి వినిపించాను.

"ఎవరిని వదిలేశారు?" అన్నారు.

పిల్లల పరీక్షలకు కూడా పేరుపెట్టి ప్రార్థించే చర్చి మాది. అందులోనే ఒక కుటుంబం వీసా పోయి సామాన్లు సర్దుకుంటోంది. పాస్టర్‌గారు ముందే ఫోన్ చేశారు: "వాళ్ళ మాట ఎత్తకమ్మా. లైవ్‌లో అందరూ చూస్తారు. మన వీసా స్టేటస్‌లు మనం చూసుకోవాలి గదా."

ఆయనకు ఆ సంగతి చెప్పాను.

"మా దేశంలోనూ అంతే. ప్రార్థనలో రాజుగారుంటారు, మేం వెళ్ళగొట్టినవాళ్ళుండరు. దేవుడికి రాసేది కూడా భయపడుతూ రాసేటట్టయితే ఇక రాయడమెందుకు?" అంటూ తన పెన్సిల్ నా కాగితం మీద పెట్టి, తన విమానం బోర్డింగ్‌కి లేచి వెళ్ళిపోయారు.

ఆ పెన్సిల్‌తో నేను ఒక్క మాట కూడా చేర్చలేదు. ఆదివారం రాసింది రాసినట్టే చదివాను.

చివర్లో ఆ కుటుంబం, నలుగురూ, అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నారు.